ఆర్థర్ బ్రయంట్స్ బార్బెక్యూ: కాన్సస్ సిటీ వచ్చేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట

మేము కాన్సస్ సిటీ పక్కనే ఉన్న ఓవర్లాండ్ పార్క్‌లో ఉంటాం. ఎండలు మొదలైతే చాలు, డాలస్ నుంచో చికాగో నుంచో ఎవరో ఒకరు దిగుతారు. దిగిన పూటే "మీ ఊళ్లో ఏదో ఒబామా తిన్న హోటలుందట కదా" అని మొదలెడతారు. ఆ హోటలే ఆర్థర్ బ్రయంట్స్. అక్కణ్నుంచి అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది, పక్కన కూర్చుని వినీ వినీ మా ఆవిడకి ఇంకా విసుగొచ్చింది. అందుకే అన్నీ రాసి పెడుతున్నా. ఇకమీదట ఎవరైనా అడిగితే ఇదే పంపిస్తా.

ముందు ఇది చెప్పు, కాన్సస్ సిటీ అంటే కాన్సస్ రాష్ట్రంలోనే కదా?

కాదు, ఇక్కడే సగం మంది బోల్తా పడతారు. ఒకే పేరుతో పక్కపక్కనే రెండు ఊళ్లున్నాయి, మధ్యలో రాష్ట్ర సరిహద్దు. పెద్దది మిస్సోరీలో ఉంది, చిన్నది కాన్సస్‌లో. బ్రయంట్స్ ఉన్నది మిస్సోరీ వైపు, 1727 బ్రూక్లిన్ అవెన్యూలో. బ్రూక్లిన్ అనగానే న్యూయార్క్ అనుకోకండి, ఇక్కడ అదొక వీధి పేరు. మ్యాప్‌లో వెతికేటప్పుడు ఊరు, రాష్ట్రం రెండూ చూసుకోండి. మా బావమరిది చూసుకోకుండా నది దాటి అవతలికెళ్లి, గంటసేపు తిరిగి, ఆకలితో మండిపోతూ వచ్చాడు.

బార్బెక్యూ అంటే మన హైదరాబాద్‌లో టేబుల్ మధ్యలో బొగ్గులు పెట్టి, చువ్వలు గుచ్చి తెస్తారు, అదేగా?

పేరొకటే కానీ వంట వేరు. మన దగ్గర బఫేల్లో పెట్టేది గ్రిల్, అంటే ముక్క కింద నేరుగా నిప్పు ఉంటుంది, పది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇక్కడ మాంసం ఉడికేది నిప్పు సెగతో కాదు, పొగతోనూ దాని వేడితోనూ. ఇటుకల పొయ్యిలో హికరీ, ఓక్ కట్టెలు మండుతుంటాయి, పెద్ద మాంసం దిమ్మలు గంటల తరబడి అందులోనే ఉంటాయి. బ్రిస్కెట్ అనే ముక్కకైతే పది పన్నెండు గంటలు కూడా పడుతుంది.

ఎందుకంతసేపు అంటారా. బ్రిస్కెట్ అంటే పశువు ఛాతీ భాగం. ఒంటి బరువులో సగానికి పైగా మోసే కండరం కాబట్టి పీచు, నరం ఎక్కువ. గబగబా వండితే చెప్పు తోలులా సాగుతుంది. సుమారు 110 డిగ్రీల సెల్సియస్ వేడిలో నిదానంగా ఉంచితే ఆ నరమంతా మెల్లగా కరిగి జిగురవుతుంది, ముక్క లోపల వేడి 90 డిగ్రీలు దాటాక వేలితో నొక్కితే విడిపోతుంది. పాయా పొద్దున్నుంచి సాయంత్రం దాకా సిమ్‌లో పెడితే ఏమవుతుందో అదే సంగతి, కాకపోతే ఇక్కడ నీళ్లుండవు, పొగ ఉంటుంది.

ఈ వంట ఈ ఊరికే ఎందుకు అతుక్కుందంటే, 1871 నుంచి 1991 దాకా ఇక్కడ పెద్ద పశువుల సంత నడిచింది. చుట్టూ కబేళాలు. మంచి ముక్కలు రైలెక్కి తూర్పుకి పోయేవి, ఎవరికీ అక్కర్లేని గట్టి ముక్కలు చవగ్గా ఊళ్లోనే మిగిలేవి. చవక మాంసం, చవక కట్టెలు, ఓపికున్న మనుషులు, అంతే.

నిజంగా వందేళ్లు దాటిందా? బ్రయంటే మొదలుపెట్టాడా?

బ్రయంట్ కాదు. మొదలుపెట్టింది హెన్రీ పెర్రీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాన్సస్ సిటీ బార్బెక్యూకి ఆయన్నే పితామహుడంటారు. టెనెస్సీలో మెంఫిస్ దగ్గర పుట్టిన నల్లజాతి మనిషి. 1907లో ఈ ఊరొచ్చి, మరుసటేడు బట్టల ఫ్యాక్టరీలుండే పేటలో ఒక సందులో బండి పెట్టుకుని పొగలో వండిన మాంసం అమ్మడం మొదలుపెట్టాడు. అందుకే ఈ హోటల్ తన వయసుని 1908 నుంచి లెక్కేసుకుంటుంది. పక్కటెముకలు పాతిక సెంట్లకి న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చేవాడట. మన దగ్గర మిరపకాయ బజ్జీలకి పేపరు పొట్లం కట్టినట్టే అనుకోండి. పశుమాంసంతో పాటు పాసమ్, రకూన్ లాంటి అడవి జంతువుల్ని కూడా వండేవాడు. తర్వాత 19వ వీధిలో ట్రామ్‌లు నిలబెట్టే పాత షెడ్డులోకి మారాడు.

పెర్రీ దగ్గర చార్లీ బ్రయంట్ అని ఒకతను పని నేర్చుకున్నాడు. ఆర్థర్ ఇతని తమ్ముడు. టెక్సస్‌లో పుట్టి, అక్కడే వ్యవసాయం చదువుకున్నాడు. 1931లో అన్నని చూసి పోదామని వచ్చి, ఇక పోలేదు. 1940లో పెర్రీ చనిపోయాక వ్యాపారం చార్లీ చేతికొచ్చింది, 1946లో చార్లీ మానుకుంటే ఆర్థర్ తీసుకున్నాడు. ఇప్పుడున్న బ్రూక్లిన్ అవెన్యూ చోటికి 1958లో మారారు. అంటే ఈ గొలుసులో కొడుకులు, వారసులు లేరు. గురువు నుంచి శిష్యుడికి, అన్న నుంచి తమ్ముడికి వచ్చింది. నాకు ఈ కథలో నచ్చేది ఇదే.

పెర్రీ కొమ్మ ఇంకోవైపు కూడా పాకింది, గేట్స్ అనే ఇంకో హోటల్ సంగతి వచ్చినప్పుడు దాని గురించి చెప్తా.

ఆర్థర్ బ్రయంట్ ఎలాంటి మనిషి?

తన హోటల్‌ని తానే "గ్రీజ్ హౌస్" అని పిలుచుకునేవాడు, జిడ్డు కొంప అన్నమాట. సోకులు లేవు. ఫార్మైకా బల్లలు, ప్లాస్టిక్ ట్రేలు, కిటికీలో పెద్ద పెద్ద గాజు జాడీల్లో ఊరుతున్న సాస్. పేరొచ్చాక కూడా దాన్నలాగే ఉంచాడు.

వంటలో ఆయన చేసిన పెద్ద మార్పు సాస్‌లో. పెర్రీ కాలం నాటి సాస్ కారానికి కళ్లల్లో నీళ్లొచ్చేవట, తినేవాళ్లు అల్లాడిపోతే పెర్రీకి అదో సరదా అని చెప్తారు. ఆర్థర్ ఆ కారం తగ్గించి, నోటికి హితవుగా చేశాడు.

1982 డిసెంబర్ 28న, ఎనభై ఏళ్ల వయసులో, హోటల్లోనే వేసుకున్న మంచం మీద గుండెపోటుతో పోయాడు. అప్పుడు ఇక్కడి పేపరు కాన్సస్ సిటీ స్టార్‌లో ఒక కార్టూన్ వచ్చింది. స్వర్గం గుమ్మం దగ్గర సెయింట్ పీటర్ ఆర్థర్‌ని ఆపి, సాస్ ఏమైనా తెచ్చావా అని అడుగుతుంటాడు. ఒక హోటలాయనకి ఇంతకంటే మంచి నివాళి ఉంటుందా?

ఆ తర్వాత హోటల్ ఇద్దరు స్థానిక వ్యాపారుల చేతికి వెళ్లింది. పేరు, పొయ్యి, సాస్ మార్చలేదు.

"ప్రపంచంలోనే బెస్ట్ రెస్టారెంట్" అని ఎవరన్నారు? హోటల్ వాళ్లే వేసుకున్న బోర్డా?

వాళ్లు కాదు. కాల్విన్ ట్రిలిన్ అనే రచయిత అన్నాడు, 1972లో ప్లేబాయ్ పత్రికలో. ఆయన పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. అప్పట్లో అమెరికాలో గొప్ప హోటలంటే ఫ్రెంచి పేరు, తెల్లటి టేబుల్ గుడ్డలు, మెల్లగా తిరిగే వెయిటర్లు. దాని మీద విసుగుతో, కొంత హాస్యంగా, కొంత నిజంగానే, ప్రపంచంలోకెల్లా ఏకైక ఉత్తమ రెస్టారెంట్ 18వ వీధి, బ్రూక్లిన్ మూల మీదున్న ఆర్థర్ బ్రయంట్స్ అని రాశాడు. తన ఊరి మీద మమకారం ఉన్న మనిషి మాట అది. నెల్లూరాయన చేపల పులుసు గురించి చెప్పినట్టే తీసుకోవాలి. కానీ ఆ ఒక్క వాక్యంతో దేశం మొత్తం నుంచి జనం రావడం మొదలైంది.

ఒబామా నిజంగా వచ్చాడా? ఇంకా ఎవరెవరు?

వచ్చాడు. 2014 జులై 29 సాయంత్రం, తనకి ఉత్తరాలు రాసిన నలుగురు మామూలు మనుషుల్ని వెంటబెట్టుకుని ఇక్కడే భోంచేశాడు. ఆయనకి ముందు ప్రెసిడెంట్లైన ట్రూమన్, కార్టర్, రీగన్ కూడా ఈ తిండి తిన్నవాళ్లే. ట్రూమన్‌ది పక్కనే ఉన్న ఇండిపెండెన్స్ ఊరు, కాబట్టి ఆయన సంగతి పెద్ద వింతేం కాదు. సినిమావాళ్లలో స్పీల్‌బర్గ్, జాక్ నికల్సన్ పేర్లు చెప్తారు. గోడల నిండా ఫోటోలుంటాయి, లైన్లో నిలబడ్డప్పుడు చూసుకోవచ్చు.

కానీ సెలబ్రిటీల కోసం వెళ్తే నిరుత్సాహపడతారు. మీ ముందు నిలబడేది యూనిఫాంలో ఉన్న బస్సు డ్రైవరో, చర్చి నుంచి నేరుగా వచ్చిన పెద్దావిడో, మట్టి బూట్లతో ఉన్న కరెంటు పనివాళ్లో. ప్రెసిడెంట్ వచ్చినా వాళ్లొచ్చినా ట్రే అదే. ఈ హోటల్ ఇన్నేళ్లు బతికింది ప్రెసిడెంట్ల వల్ల కాదు, మంగళవారం మధ్యాహ్నం ఆకలేసి వచ్చే వీళ్ల వల్ల.

ఇంకో విషయం. ఇక్కణ్నుంచి నాలుగైదు వీధులు దక్షిణంగా, 22వ వీధి మూల మీద మునిసిపల్ స్టేడియం ఉండేది. నల్లజాతి బేస్‌బాల్ లీగ్ జట్టు మోనార్క్స్ అక్కడే ఆడింది, బేస్‌బాల్ దిగ్గజం జాకీ రాబిన్సన్ కూడా 1945లో ఆ జట్టులోనే ఉన్నాడు. తర్వాత అథ్లెటిక్స్, చీఫ్స్, రాయల్స్ జట్లకీ అదే మైదానం. మ్యాచ్ అయ్యాక జనం ఎటు నడుస్తారు? పొగ వాసన వచ్చే వైపే కదా. ఊరు రెండుగా చీలిపోయి ఉన్న ఆ రోజుల్లో కూడా తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఒకే కౌంటర్ ముందు నిలబడ్డ చోటు ఇది. స్టేడియాన్ని 1976లో కూల్చేశారు. హోటల్ మిగిలింది.

సాస్ సాస్ అంటారు, ఏముంది అందులో అంత?

ఇది మాత్రం కాస్త ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి.

అమెరికాలో బార్బెక్యూ సాస్ అంటే సూపర్‌మార్కెట్‌లో దొరికే నల్లటి, చిక్కటి, బెల్లం పాకం లాంటిది కదా మనకి తెలిసింది. ఆ తీపి సాస్ కూడా కాన్సస్ సిటీ పేరు మీదే ప్రపంచమంతా తిరిగింది. 1970ల్లో ఇక్కడి డాక్టర్ ఒకాయన చేసిన కేసీ మాస్టర్‌పీస్ అనే సాస్ దానికి కారణం. అందుకని బ్రయంట్స్‌లో కూడా అదే ఉంటుందనుకుని వస్తారు.

ఒరిజినల్ సాస్ సీసా ఎత్తి చూడండి. రంగు ఇటుక రంగు. చిక్కగా జారదు. కాసేపు కదపకుండా పెడితే పొడి అడుక్కి దిగి, పైన తేట నిలుస్తుంది, కాబట్టి బాగా ఊపి పోసుకోవాలి. నాలుక మీద పెట్టగానే ముందు వెనిగర్ పులుపు కొడుతుంది, దవడలు లాగుతాయి. దాని వెనక పాప్రికా, మిరపపొడి. ఆ పొడి సన్నటి రవ్వలా నాలుక్కి తగులుతుంది. తీపి కోసం వెతుక్కోవాల్సిందే.

మొదటిసారి తిన్న అమెరికన్లలో చాలామంది మొహం చిట్లిస్తారు. మా గుంటూరు బాబాయ్ మాత్రం బ్రెడ్డు ముక్క ముంచి నోట్లో పెట్టుకుని, రెండు క్షణాలు ఆగి, "ఒరేయ్, దీనికి ఇంగువ పోపు పెడితే మన ఇంట్లోదే" అన్నాడు. పులుపు, కారం, ఉప్పు ఎక్కడ ఎంతుండాలో తెలిసిన నాలుకకి ఇది కొత్త కాదు. కొవ్వు పట్టిన మాంసం మీద పులుపు ఎందుకు పోయాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, గోంగూర మటన్ తిన్న జాతి మనది.

ఒరిజినల్ కాకుండా ఇంకో రెండున్నాయి, రిచ్ అండ్ స్పైసీ ఒకటి, స్వీట్ హీట్ ఒకటి. పిల్లలకి స్వీట్ హీట్ ఇవ్వండి. మీరు ముందు ఒరిజినల్ రుచి చూడండి, అదీ మాంసం మీద, విడిగా కాదు. విడిగా నాకి చూసి బాలేదనేవాళ్లతో నాకు పడదు.

బర్న్ట్ ఎండ్స్ అంటే మాడిపోయిన ముక్కలా? దానికి డబ్బులివ్వాలా?

ఒకప్పుడు ఇవ్వక్కర్లేదు, అసలు కథే అది. బ్రిస్కెట్ కోసేటప్పుడు అంచుల్లో బాగా నల్లబడి గట్టిపడ్డ కొసలు వచ్చేవి. అవి శాండ్‌విచ్‌లో పెట్టడానికి పనికిరావని కోసేవాడు పక్కకి తోసేసేవాడు, లైన్లో ఉన్నవాళ్లు చేత్తో తీసుకుని ఊరికే తినేవాళ్లు. ట్రిలిన్ తన వ్యాసంలో వీటి గురించి లొట్టలేస్తూ రాయడంతో ఊరూరా అందరూ అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడవి మెనూలో విడి ఐటమ్, మామూలు మాంసం కంటే ఖరీదు.

రుచి ఎలా చెప్పాలి? పాలగిన్నె అడుగున అంటుకున్న గోకుడు కోసం చిన్నప్పుడు కొట్టుకునేవాళ్లం గుర్తుందా, మాడీ మాడనట్టు, తియ్యగా, కాస్త చేదుగా? అది మాంసంలో దొరికితే ఎలా ఉంటుందో అలా. బయట నల్లటి పొర, లోపల కరిగిన కొవ్వు. బ్రిస్కెట్‌లో కొవ్వెక్కువుండే కొస నుంచి వచ్చినవైతే మెత్తగా ఉంటాయి, మరీ అంచువి అయితే కాస్త నమలాలి. రెండూ కలిసే వస్తాయి. కొన్ని గట్టిగా ఉన్నాయని ఫిర్యాదు చెయ్యకండి.

ఆర్డర్ ఎలా ఇవ్వాలి? వెయిటర్ వస్తాడా?

రాడు. లోపలికెళ్లగానే లైన్ ఉంటుంది, అందులో నిలబడాలి. మెనూ గోడ మీద ఉంటుంది, ఆర్డరిచ్చే కిటికీ దగ్గరికి చేరేలోపు చదివేసుకోండి. అక్కడికెళ్లాక "ఏం తిందాం, నువ్వు చెప్పు, కాదు నువ్వు చెప్పు" అని ఇంట్లో మీటింగ్ పెడితే వెనకున్న నలభై మంది మౌనంగా చూస్తారు. ఆ చూపు మామూలుగా ఉండదు.

మీ వంతు రాగానే ఒక్క ముక్కలో చెప్పండి. లోపల కోసేవాళ్లు మీ కళ్ల ముందే మాంసం కోస్తారు. శాండ్‌విచ్ అంటే అందంగా పేర్చిందేం కాదు. తెల్ల బ్రెడ్డు ముక్క మీద గుప్పెడు, ఇంకో గుప్పెడు మాంసం పోసి, పైన ఇంకో బ్రెడ్డు పెట్టి ఇస్తారు. ఆ బ్రెడ్డు రెండు నిమిషాల్లో తడిసి విడిపోతుంది, అది లోపం కాదు. చేత్తో తినండి. మనకి ఇందులో సిగ్గేముంది? ట్రే జరుపుకుంటూ డబ్బులు కట్టి, మీరే బల్ల వెతుక్కోవాలి. టిష్యూ కాగితాలు ముందే పది తీసుకోండి.

మేము బీఫ్ తినం. మరి అక్కడికొచ్చి ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు, ఫోన్లో గొంతు తగ్గించి అడుగుతారు. మొహమాటం అక్కర్లేదు. టర్కీ ఉంది, చికెన్ ఉంది, పోర్క్ తినేవాళ్లయితే రిబ్స్, అంటే పక్కటెముకలు ఉన్నాయి. నన్నడిగితే రిబ్స్ బ్రిస్కెట్‌కి ఏం తీసిపోవు. టర్కీ కాస్త పొడిగా అనిపించొచ్చు, దానికే ఆ సాస్. పెద్దకూర ఇష్టంగా తినేవాళ్లు మనలో బోలెడుమంది ఉన్నారు, వాళ్లకి ఇది పండగే, శాండ్‌విచ్, బర్న్ట్ ఎండ్స్ రెండూ తీసుకోండి.

ఒక్క సంగతి. అన్నీ ఒకే పొయ్యిలో ఉడుకుతాయి, ఒకే బల్ల మీద, ఒకే కత్తితో కోస్తారు. బీఫ్ తగలకూడదు అనే పట్టింపు గట్టిగా ఉంటే ఇది మీ చోటు కాదు, కారులో కూర్చుని బాధపడేకంటే ముందే తెలుసుకోవడం మంచిది. హలాల్ అడిగే స్నేహితులకీ ఇదే జవాబు, పంది మాంసం అదే పొయ్యిలో ఉంటుంది.

మా అత్తయ్య ప్యూర్ వెజ్. ఆవిణ్ని తీసుకురావచ్చా?

తీసుకురండి, కానీ పెరుగన్నం డబ్బా కారులో పెట్టుకుని రండి. ఇది హాస్యానికి అనడం లేదు. ఫ్రెంచ్ ఫ్రైస్ ఉన్నాయిగా అంటారు. ఈ హోటల్‌కి పేరు తెచ్చిన ఫ్రైస్ పంది కొవ్వులో వేయించినవి, కాబట్టి దేంట్లో వేయించారో అడక్కుండా పెట్టకండి. బేక్డ్ బీన్స్‌లో మాంసం ముక్కలు వెయ్యడం ఈ ఊళ్లో మామూలే. కోల్‌స్లా అనే క్యాబేజీ సలాడ్‌లో మయోనైజ్, అంటే గుడ్డు. ఇక మిగిలేది ఊరగాయ దోసకాయ ముక్కలు, బ్రెడ్డు, కూల్‌డ్రింకు.

మా అత్తయ్యని నేను తీసుకెళ్లాను, అడగకుండా ఫ్రైస్ ఆర్డరిచ్చాను. ట్రే బల్ల మీద పెట్టాక అనుమానమొచ్చి వెళ్లి కనుక్కుని వచ్చేసరికి ఆవిడ చెయ్యి ప్లేటు మీద ఉంది. ఒక్క గంతులో లాగేశాను. ఇప్పటికీ ఆవిడ ఆ సంగతి చెప్పి "మా అల్లుడు నా నోటి దగ్గర కూడు లాక్కున్నాడు" అని బంధువుల్లో నా పరువు తీస్తుంటుంది.

ఎంతమందికి ఎంత చెప్పాలి?

మనం అనుకున్నదానికంటే తక్కువ. ఒక శాండ్‌విచ్ ఇద్దరికి సరిపోతుంది, కుర్రాళ్లకైతే ఒక్కరికి. రిబ్స్ మొత్తం స్లాబ్ అంటే పన్నెండు పదమూడు ఎముకలు, ముగ్గురికి పర్వాలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నలుగురికి నాలుగు శాండ్‌విచ్‌లు, ఒక స్లాబ్ చెప్పి, మూడు రోజులు ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నాం. అదీ బానే ఉంది అనుకోండి, మూడోరోజు మా ఆవిడ ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేపుడు చేస్తే అన్నంలోకి అదిరిపోయింది. ఊళ్లోవాళ్లకి చెప్పకండి.

టేబుల్ బుకింగ్, పార్కింగ్, టైమింగ్స్?

బుకింగ్ ఉండదు. శనివారం మధ్యాహ్నం, చీఫ్స్ మ్యాచ్ ఉన్న రోజు వెళ్లకపోతే మేలు. మామూలు రోజుల్లో రెండున్నర, మూడు మధ్య వెళితే లైన్ పలచగా ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచుందో లేదో కనుక్కోండి. కారు లేకుండా రావడం కష్టం, డౌన్‌టౌన్ స్ట్రీట్‌కార్ ఇటు రాదు. ఇక్కడి యూనివర్సిటీ యూఎంకేసీలో, వారెన్స్‌బర్గ్ ఊరి యూనివర్సిటీలో చదివే మన పిల్లలైతే ఎవరిదో ఒకరి కారులో అయిదుగురు ఎక్కి వస్తారు, అదే సరైన పద్ధతి, ఖర్చు పంచుకోవచ్చు, ఎక్కువ రకాలు రుచి చూడొచ్చు.

ఆ ఏరియా సేఫేనా? ఎవరో వద్దన్నారు.

ఈ ప్రశ్న వెనక ఏముందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఈ ఊళ్లో ట్రూస్ట్ అవెన్యూ అని ఒక రోడ్డుంది. దానికి పడమర తెల్లవాళ్లు, తూర్పున నల్లవాళ్లు అని దశాబ్దాల పాటు ఇళ్ల అమ్మకాల్లో, బ్యాంకు అప్పుల్లో గీత గీశారు. బ్రయంట్స్ తూర్పున ఉంది. అప్పు పుట్టని పేటలో ఇళ్లు పాడుబడ్డాయి, ఖాళీ స్థలాలు మిగిలాయి, చూడ్డానికి కాస్త బోసిగా ఉంటుంది. అంతమాత్రాన భయపడాల్సిందేం లేదు. పట్టపగలు పిల్లాపాపలతో ఎన్నోసార్లు వెళ్లాం. ఏ పెద్ద ఊళ్లో అయినా తీసుకునే జాగ్రత్తే, కారులో బ్యాగులు కనపడేలా వదలకండి.

ఇంకో మాట, ఆ పేట నల్లవాళ్లది కాబట్టే ఈ వంట నిలిచింది. పెర్రీ, బ్రయంట్ వ్యాపారం బతికింది అక్కడే. తిండి కావాలి కానీ ఆ వీధి వద్దంటే ఎలా?

గేట్స్ బెస్ట్ అంటారు కొందరు, జోస్ బెస్ట్ అంటారు కొందరు. నిజమేది?

ఈ గొడవలో తలదూర్చితే ఊళ్లో స్నేహాలు పోతాయి. గేట్స్ కూడా పెర్రీ కొమ్మే. 1946లో గేట్స్ కుటుంబం ఒక పాత హోటల్ కొన్నప్పుడు, పెర్రీ దగ్గర పనిచేసిన వంటమనిషి ఒకాయన దాంతో పాటు వచ్చాడు. అక్కడ తలుపు తియ్యగానే "హాయ్, మే ఐ హెల్ప్ యూ" అని గావుకేక పెడతారు, గుండె జారిపోతుంది, కానీ అది మర్యాదే. జోస్ కొత్తది, 1990ల్లో వచ్చింది, కాన్సస్ వైపు పెట్రోల్ బంకులో ఉంటుంది. పెట్రోల్ కొట్టించుకునేవాళ్ల కంటే తిండి లైన్ పెద్దది.

శుభ్రంగా, ముక్క ముక్కా కొలిచినట్టు కావాలంటే జోస్. మసాలా సాస్, సందడి కావాలంటే గేట్స్. బ్రయంట్స్‌లో ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండదు.

సరే, నిజం చెప్పు. అంత గొప్పగా ఉంటుందా?

పదిసార్లలో ఆరుసార్లు చాలా బాగుంటుంది, మూడుసార్లు బాగుంటుంది, ఒకసారి మాంసం ఎండిపోయి, ఇదేంటి దీనికోసమా వచ్చాం అనిపిస్తుంది. ప్రపంచంలో బెస్ట్ అని చెప్పను. టెక్సస్‌లో ఇంతకంటే మెత్తటి బ్రిస్కెట్ తిన్నాను. కానీ ఆ పులుపు సాస్ ఇంకెక్కడా తినలేదు. ఊరంతా తీపి వైపు వెళ్లిపోతుంటే ఈ ఒక్క కొట్టు ఆ పాత పులుపుని వదల్లేదు. నేను వెళ్లేది దానికోసం.

సాస్ సీసాలు ఇండియా తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు, చేతి సామానులో కాదు, చెక్-ఇన్‌లో. 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గరే తీసేస్తారు. ఒక్కో సీసా మూత చుట్టూ టేపు వేసి, జిప్ కవర్లో పెట్టి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టండి. మా అమ్మ ఆవకాయ జాడీకి చేసే ప్యాకింగ్ ఉంది చూశారా, అదే లెవెల్లో. నేను చెయ్యలేదు. రెండు సీసాలు తువ్వాల్లో చుట్టి పెట్టేశా. శంషాబాద్‌లో బెల్టు మీద సూట్‌కేస్ రావడానికి ముందు వాసన వచ్చింది. లోపల మా చెల్లెలి కోసం కొన్న తెల్ల కుర్తా ఇటుక రంగులోకి మారింది. దాన్ని మూడుసార్లు ఉతికి, చివరికి బండి తుడిచే గుడ్డ చేశారు. మాంసం మాత్రం అస్సలు తీసుకెళ్లకండి.

దగ్గర్లో ఇంకేమైనా చూడాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. కారులో అయిదు నిమిషాల్లో 18వ వీధి, వైన్ వీధి కలిసే చోటు వస్తుంది. జాజ్ సంగీతకారులు కౌంట్ బేసీ వాయించిన, చార్లీ పార్కర్ పెరిగిన పేట. అక్కడ ఒకే భవనంలో జాజ్ మ్యూజియం, నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం ఉన్నాయి. బేస్‌బాల్ అంటే ఏంటో తెలియకపోయినా రెండోది చూడండి, గంటన్నర పడుతుంది.

కానీ ముందు మ్యూజియం చూసి, తర్వాత భోజనానికి వెళ్లండి. మేము తలకిందులుగా చేశాం. భోంచేసి వెళ్లేసరికి మా ముగ్గురి బట్టల నిండా హికరీ పొగ. టికెట్లిచ్చే పెద్దాయన తల ఎత్తకుండానే "బ్రయంట్స్ నుంచా?" అని అడిగాడు.